ఫోను లోపల పనివాళ్ళ తలుపు

ఈ ఏడాది మా సోషల్ మాస్టారు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు ఒక షరతు పెట్టారు. రాజులూ యుద్ధాలూ వద్దు, మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉన్న ఒక వస్తువు చరిత్ర రాయండి అన్నారు. మా క్లాసులో ఒకమ్మాయి బరంపురం పట్టు నేసే మగ్గం గురించి రాసింది. ఒకబ్బాయి వాళ్ళ తాతగారి గోడ గడియారం గురించి రాశాడు. నేను రాసేది అంతకంటే చాలా చిన్న వస్తువు గురించి. సెల్ ఫోను విప్పితే లోపలి బోర్డు మీద అక్కడక్కడ ఆవగింజంత బంగారు రంగు చుక్కలు కనిపిస్తాయి. బోర్డు అంచున చొక్కా ప్రెస్ బటన్ లాంటి బుల్లి గుండ్రటి ముక్క ఒకటి ఉంటుంది. ఆ చుక్కలకీ ఆ బటన్‌కీ కూడా చరిత్ర ఉంది. అది నాకు ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసి ఉంటే దసరా సెలవుల్లో నేను ఆ తప్పు చేసేదాన్ని కాదు.

దసరా సెలవుల్లో జరిగింది

మా చిన్నాన్నకి బడా బజార్ దగ్గర చిన్న సెల్ రిపేరు షాపు ఉంది. సెలవులొస్తే నేను అక్కడే కూర్చుంటాను. స్క్రూలు తీయడం, డిస్‌ప్లే మార్చడం, చార్జింగ్ పిన్ను సాల్డర్ చేయడం నాకు వచ్చు. చిన్నాన్నే నేర్పాడు.

ఒకరోజు ఒక అంగన్‌వాడీ టీచరమ్మ ఫోను తెచ్చారు. ఆన్ చేస్తే కంపెనీ లోగో దగ్గరే ఆగిపోతోంది. "ఫోను పోయినా పరవాలేదు బాబూ, అందులో మా అమ్మ పాటలున్నాయి, అవి కావాలి" అన్నారు. వాళ్ళమ్మగారు పాడిన తెలుగు పెళ్ళి పాటలన్నీ ఆవిడ ఫోనులో రికార్డు చేసి పెట్టుకున్నారు. ఆ అమ్మగారు పోయి ఏడాది దాటింది. వేరేచోట కాపీ లేదు. చిన్నాన్న రెండు రకాలుగా ప్రయత్నించి, "ఇది నా వల్ల కాదమ్మా, రేపు భువనేశ్వర్‌లో తెలిసిన మేస్త్రీకి పంపిస్తాను" అని చెప్పాడు.

ఆయన భోజనానికి వెళ్ళాడు. విప్పిన బోర్డు బల్ల మీదే ఉంది. ఇలాంటి ఫోన్లకి సీరియల్ పిన్నులుంటాయనీ, వాటికి వైరు కలిపితే ఫోను లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్లో అక్షరాలుగా కనిపిస్తుందనీ నేను అంతకుముందు చదివాను. బోర్డు మీద వరసగా నాలుగు చుక్కలు కనిపించాయి. షాపులో ఉన్న యు.ఎస్.బి. సీరియల్ కేబుల్‌కి నాలుగు వైర్లున్నాయి. నాలుగు చుక్కలూ నాలుగు వైర్లూ కాబట్టి నాలుగూ కలపాలి అనుకున్నాను. సన్నటి తీగలు అతికించి కంప్యూటర్‌కి గుచ్చాను. ఒక్క అక్షరమూ రాలేదు. బోర్డు మధ్యలో ఉన్న చిప్పు మీద వేలు పెడితే చుర్రుమంది. కాలిన వాసన వచ్చింది. ఎర్ర వైరులో 5 వోల్టులు వస్తాయి. ఆ బోర్డు మీద ఆ గీత మోయగలిగింది 1.8 వోల్టులే.

చిన్నాన్న వచ్చి చూశాడు. అరవలేదు. "ఎవర్ని అడిగి ముట్టుకున్నావమ్మా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత రెండు నెలలపాటు ఆ నాలుగు చుక్కల గురించి దొరికినదంతా చదివాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే.

తంతి మిషన్ నేర్పిన మాటలు

సీరియల్ అంటే ఒకదాని వెనక ఒకటి. ఒక అక్షరాన్ని ఎనిమిది ముక్కలు చేసి ఒకే తీగ మీద వరసగా పంపడం అన్నమాట. కావలసింది మూడే తీగలు. ఒకటి మాట్లాడడానికి, ఒకటి వినడానికి, ఒకటి రెండు వైపులకీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్. నాలుగోది, ఆ ఎర్ర వైరు, సాధారణంగా అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే చాలు, ఆవిడ ఫోను బతికేది.

ఈ పద్ధతి సెల్ ఫోన్లకంటే చాలా పాతది. తంతి ఆఫీసుల్లో టెలిప్రింటర్లు ఉండేవి. ఒక ఊళ్ళో టైపు కొడితే ఇంకో ఊళ్ళో కాగితం మీద అచ్చయ్యేది. అందులో మోటారూ పళ్ళ చక్రాలూ ఉంటాయి. అక్షరం వస్తోందని మిషన్‌కి తెలియాలి కాబట్టి ముందు ఒక గుర్తు పంపేవారు, అది స్టార్ట్ బిట్. అక్షరం అయ్యాక చక్రం మళ్ళీ మొదటి చోటికి వచ్చి ఆగడానికి కాస్త వ్యవధి ఇచ్చేవారు, అది స్టాప్ బిట్. ఇప్పుడు ఫోనులో తిరిగే చక్రం ఏదీ లేదు. అయినా సీరియల్ పిన్నులో ప్రతి అక్షరానికీ ముందు ఆ స్టార్ట్ బిట్టు, వెనక ఆ స్టాప్ బిట్టు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాయి.

వేగాన్ని కొలిచే మాట బాడ్. ఫ్రాన్సు దేశపు తంతి ఇంజినీరు ఎమీల్ బోదో పేరు మీద అది వచ్చింది. 1963లో అమెరికాలో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 మిషన్ సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. ఫోను సీరియల్ పిన్నులో ఎక్కువగా వాడే వేగం 115200 బాడ్. ఒక్కో అక్షరానికి 10 బిట్లు లెక్కేసుకుంటే సెకనుకి 11,520 అక్షరాలు. ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉండే లినక్సులో సీరియల్ పోర్టు పేరు ఈనాటికీ టి.టి.వై. అనే అక్షరాలతో మొదలవుతుంది. అది టెలిటైప్‌కి పొట్టి పేరు. మన జేబులో ఉన్న ఫోను తన తాతముత్తాతల ఇంటిపేరు వదులుకోలేదన్నమాట.

1960లో అమెరికాలో ఆర్.ఎస్.-232 అనే ప్రమాణం వచ్చింది. ఏ కంపెనీ టెర్మినల్ అయినా ఏ మోడెమ్‌కైనా కలపగలిగేలా తీగల లెక్క ఒకటి రాశారు. అందులో ఒకటి అనడానికి మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అనడానికి ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులు. అంత ఎక్కువ ఎందుకంటే పొడుగాటి తీగలో మాట పాడవకుండా ఉండాలి. తర్వాత చిప్పులు చిన్నవయ్యేకొద్దీ వోల్టేజీ తగ్గుతూ వచ్చింది. ముందు 5, తర్వాత 3.3, ఇప్పటి ఫోన్లలో తరచుగా 1.8. భాష మారలేదు, గొంతు తగ్గింది. నేను ఆ సన్నటి గొంతు మీద కేక వేశాను.

కనిపించని కాళ్ళు

1980లలో ఇంకో ఇబ్బంది వచ్చింది. అంతకుముందు చిప్పులకి రెండు పక్కలా కాళ్ళు కనిపించేవి. మీటరు ముల్లు పెట్టి ఏది పనిచేస్తోందో చూసేవారు. చిప్పులు దగ్గరదగ్గరగా, కాళ్ళు సన్నగా అయిపోయాక ముల్లు పెట్టే చోటు లేకుండా పోయింది. అందుకని 1985లో కొన్ని కంపెనీల ఇంజినీర్లు జాయింట్ టెస్ట్ యాక్షన్ గ్రూప్ అని కలిశారు. నాలుగైదు తీగలతో చిప్పుల లోపలి నుంచే ఒక్కో కాలునీ పరీక్షించే దారి కనిపెట్టారు. 1990లో అది ఐ.ఇ.ఇ.ఇ. 1149.1 అనే ప్రమాణమైంది. ఆ గుంపు పేరులోని మొదటి అక్షరాలు కలిపి దాన్ని అందరూ జేట్యాగ్ అంటారు.

దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, ఈ తలుపులేవీ దొంగల కోసం పెట్టినవి కావు. తయారుచేసే పనివాళ్ళు తమ పని తాము సరిచూసుకోవడానికి పెట్టుకున్నారు. ఇల్లు కట్టేటప్పుడు సున్నం వేయడానికి గోడలో పరంజా కన్నాలు వదుల్తారే, అలాంటివి. ఇల్లు పూర్తయ్యాక కన్నాలు పూడుస్తారు. ఫోన్లలో చాలాసార్లు పూడ్చరు. ఎందుకంటే పాడైన ఫోను కంపెనీకి తిరిగొస్తే వాళ్ళకే మళ్ళీ అవసరం.

మా చిన్నాన్న పని నేర్చుకున్నది 2000లో వచ్చిన నోకియా 3310 మీద. ఆ ఫోనుకి బ్యాటరీ తీస్తే చిన్న పిన్నులు కనిపించేవి. వాటికి ఎఫ్-బస్ అని పేరు, అదీ 115200 బాడ్ సీరియలే. ఆ పిన్నులకి తాకేలా చేసిన కేబుల్‌తో రింగుటోన్లు, బొమ్మలు ఎక్కించేవారు, ఆగిపోయిన ఫోన్లలో మళ్ళీ సాఫ్ట్‌వేర్ వేసేవారు. "మా తరం వాళ్ళందరికీ అక్షరాభ్యాసం ఆ కేబుల్ మీదేనమ్మా" అన్నాడు చిన్నాన్న.

2007: పది రోజుల తేడాలో రెండు ఫోన్లు

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన సంవత్సరం 2007. ఆ ఏడాది జూన్ 29న అమెరికాలో మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. సరిగ్గా పది రోజులకి, జూలై 9న, నియో 1973 అనే ఇంకో ఫోను అమ్మకం మొదలైంది. 1973 అంటే మార్టిన్ కూపర్ చేతిలో పట్టుకునే ఫోనుతో మొదటిసారి మాట్లాడిన సంవత్సరం. ఈ రెండు ఫోన్లూ ఒకే తలుపు గురించి రెండు వేర్వేరు మాటలు చెప్పాయి.

ఐఫోన్ అప్పుడు ఏ.టి. అండ్ టి. అనే ఒక్క కంపెనీ సిమ్‌తోనే పనిచేసేది. న్యూజెర్సీలో జార్జ్ హాట్జ్ అనే 17 ఏళ్ళ కుర్రాడు దాన్ని విప్పాడు. నాకంటే రెండేళ్ళే పెద్ద! ఐఫోన్‌లో రేడియో పని చూసుకునే చిప్పు వేరే ఉంటుంది, దానికి సొంత మెమరీ ఉంటుంది. ఆ చిప్పు మేలుకోగానే మెమరీలో ఒకచోట చూసుకుంటుంది. అక్కడ ఖాళీగా ఉంటే ఇంకా సాఫ్ట్‌వేర్ ఎక్కించలేదు కాబోలు అనుకుని కొత్తదాన్ని తీసుకోవడానికి ఒప్పుకుంటుంది. హాట్జ్ బోర్డు మీద వెంట్రుకంత గీతని గీకి, దానికి తీగ సాల్డర్ చేసి 1.8 వోల్టులు ఇచ్చాడు. అది ఏ17 అనే అడ్రసు గీత. దాంతో చిప్పు చూడాల్సిన గదికి బదులు పక్క గది చూసింది. అది ఖాళీగా ఉంది. తలుపు తీసింది. 2007 ఆగస్టులో తన ఐఫోన్ వేరే కంపెనీ సిమ్‌తో పనిచేయడం చూపించాడు. అలా విప్పిన ఒక ఫోనుకి బదులుగా ఒకాయన అతనికి నిస్సాన్ 350జెడ్ కారూ మూడు కొత్త ఐఫోన్లూ ఇచ్చాడు.

అతను వాడింది 1.8, నేను వాడింది 5. అతను విప్పింది తన సొంత ఫోను, నేను విప్పింది పరాయివాళ్ళది. ఈ రెండు తేడాలూ రాసి నా పుస్తకంలో కింద గీత గీసుకున్నాను.

నియో 1973 కథ వేరు. అది ఓపెన్‌మోకో అనే ప్రాజెక్టు వాళ్ళది. సాఫ్ట్‌వేర్ అందరూ చదవచ్చు, మార్చచ్చు అని వాళ్ళే చెప్పారు. మామూలు ప్యాకెట్టు 300 డాలర్లు. 450 డాలర్ల ప్యాకెట్టు కొంటే ఫోనుతో పాటు డీబగ్ బోర్డు ఒకటి ఇచ్చేవారు. అది ఫోను లోపలి సీరియల్ పిన్నులనీ జేట్యాగ్ పిన్నులనీ కంప్యూటర్‌కి కలుపుతుంది. విప్పుకోవడానికి స్క్రూడ్రైవరూ, మూత లేపడానికి గిటారు వాయించే ప్లాస్టిక్ బిళ్ళా కూడా పెట్టారు. ఆ బిళ్ళ మా షాపులోనూ ఉంది, కాకపోతే దాన్ని గిటారుకి వాడతారని నాకు తెలీదు. పది రోజుల తేడాలో ఒకరేమో తలుపు ఉందనే చెప్పలేదు, ఇంకొకరేమో తలుపుతో పాటు తాళంచెవి కూడా అమ్మారు.

ప్రెస్ బటన్ కథ

ఇప్పుడు ఆ గుండ్రటి బటన్ సంగతి. ఫోను రిపేరు చేశాక "సిగ్నల్ రావట్లేదు" అని కస్టమర్ తిరిగొస్తే చిన్నాన్న మొదట చూసేది అదే. చాలా ఫోన్లలో యాంటెనా కింది భాగంలో ఉంటుంది, రేడియో చిప్పు పైన ఉంటుంది. రెంటినీ ఒక సన్నటి నల్ల వైరు కలుపుతుంది. దాని చివరల్లో ప్రెస్ బటన్ లాంటి కనెక్టర్లుంటాయి. టిక్కుమని నొక్కకపోతే టవరు పక్కనే నించున్నా సిగ్నల్ రాదు. నేను మొదటి నెలలో రెండుసార్లు మర్చిపోయాను.

ఇంకో రకం కూడా ఉంది. చూడ్డానికి అలాగే ఉన్నా దానికి ఏ వైరూ పెట్టి ఉండదు. ఫ్యాక్టరీలో ఆ రంధ్రంలో పరీక్ష ముల్లు గుచ్చుతారు. గుచ్చగానే యాంటెనా దారి తెగి, రేడియో మాట్లాడేదంతా నేరుగా పరీక్ష యంత్రంలోకి వెళ్తుంది. ఎంత గట్టిగా పంపుతోంది, ఎంత మెల్లగా ఉన్నా వినగలుగుతోంది అని కొలిచి, ఆ లెక్కలు ఫోనులోనే రాసిపెడతారు. ముల్లు తీయగానే దారి మళ్ళీ యాంటెనాకి కలుస్తుంది. ఇదీ పనివాళ్ళ తలుపే.

ఓపెన్‌మోకో వాళ్ళు 2008లో ఫ్రీరన్నర్ అనే రెండో ఫోను తెచ్చారు. అందులో జి.పి.ఎస్. ఉంది. తీరా కొన్నవాళ్ళు చూస్తే, మెమరీ కార్డు పెడితే జి.పి.ఎస్. తన చోటు తను కనుక్కోలేకపోతోంది! కార్డుకి తాళం వేసే క్లాకు సిగ్నలు ఆగకుండా కొట్టుకుంటూ ఉంది. ఆకాశంలో ఇరవై వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహాల సన్నటి మాట ఆ రొదలో వినపడలేదు. కార్డు పనిలేనప్పుడు క్లాకు ఆగిపోయేలా సాఫ్ట్‌వేర్ మార్చారు. బోర్డు మీద ఒక 10 పికోఫారడ్ కెపాసిటర్ సాల్డర్ చేస్తే కూడా బాగయింది. బోర్డు పటాలు అందరికీ ఇచ్చారు కాబట్టి కొన్నవాళ్ళు సైతం ఇంట్లో కూర్చుని ఆ మరమ్మతు చేసుకోగలిగారు. తలుపు తెరిచి పెడితే లాభం ఏమిటి అని అడిగేవాళ్ళకి నేను ఈ కథ చెప్తాను. 2009 ఏప్రిల్‌లో మాత్రం డబ్బుల్లేక తర్వాతి ఫోను పని ఆపేశారు. మంచి ఆలోచనకి కూడా జీతాలివ్వాలి కదా.

పదిహేను డాలర్ల ఫోను

తలుపు తెరిచి ఉంటే నష్టం ఏమిటి అనేది కూడా చెప్పాలి. లేకపోతే ఇది చరిత్ర కాదు, ప్రచారం అవుతుంది.

2005లో పేద దేశాల్లో అమ్మడానికి 40 డాలర్లలోపు ఫోను కావాలని ప్రపంచ మొబైల్ కంపెనీల సంఘం అడిగితే ఆ ఒప్పందం మోటరోలాకి వచ్చింది. ఆ కాలంలో మోటరోలా సి వరుసలో సి118, సి123 లాంటి చవక ఫోన్లు ఉండేవి. వాటి హెడ్‌ఫోన్ రంధ్రం 2.5 మిల్లీమీటర్లు. అందులో పాటలే కాదు, సీరియల్ పోర్టు కూడా ఉంది. కేబుల్ పెట్టి పవర్ బటన్ నొక్కిన ఆ క్షణంలో కంప్యూటర్ నుంచి సొంత ప్రోగ్రాము ఎక్కించచ్చు. లోపల ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ కాలిప్సో అనే రేడియో చిప్పు. ఓపెన్‌మోకో ఫోన్లలో ఉన్నదీ అదే. ఓపెన్‌మోకోలో పనిచేసిన హరాల్డ్ వెల్టే, ఇంకొందరు కలిసి 2010లో ఓస్మోకామ్ బి.బి. అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. రేడియో చిప్పు మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ని అంతవరకూ బయటివాళ్ళు ఎవరూ ఇలా మొదటినుంచీ సొంతంగా రాసి అందరికీ ఇవ్వలేదు. వీళ్ళు రాశారు. యాంటెనా దారిలో ఉండే ఫిల్టర్లు మార్చి, ఫోను మామూలుగా వినని వైపు కూడా వినేలా చేశారు.

అదే ఏడాది డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన సభలో కార్స్టెన్ నోల్, సిల్వాన్ మునో అనే ఇద్దరు, ఒక్కోటి పదిహేను డాలర్లు చేసే నాలుగు మోటరోలా ఫోన్లతో జి.ఎస్.ఎం. కాల్ ఎలా వినచ్చో చూపించారు. వాళ్ళు విన్నది తమ సొంత కాలే. రెండో తరం నెట్‌వర్కులో మాటలకి వేసే ఏ5/1 అనే తాళం బలహీనమైనదని చాలాకాలంగా అంటున్నారు. అయినా ఎవరూ మార్చలేదు. అలా వినడానికి ఖరీదైన యంత్రాలు కావాలి, మామూలు మనుషుల వల్ల కాదు అనే ధైర్యం ఉండేది. హెడ్‌ఫోన్ రంధ్రంలోని మూడు తీగలు ఆ ధైర్యాన్ని పోగొట్టాయి.

ఇలాంటివి పరీక్షించేవాళ్ళలో జాగ్రత్తపరులు గాలిలోకి ఏమీ పంపరని చదివాను. ఫోను యాంటెనా కనెక్టర్‌కి వైరు పెట్టి, ఆ వైరుని తమ సొంత పరీక్ష టవరుకే కలుపుతారు. వీధిలో వాళ్ళ ఫోన్లకి ఇబ్బంది ఉండదు, ఎవరి మాటలూ వినపడవు. ఒకే బటన్‌తో ఊరందరి మాటలూ వినచ్చు, ఊరెవరికీ చెవి పెట్టకుండా పని నేర్చుకోవచ్చు కూడా.

హెడ్‌ఫోన్ రంధ్రంలో తలుపు

స్మార్ట్ ఫోన్లు సన్నబడ్డాక పిన్నులు పెట్టే చోటు లేకపోయింది. కానీ మూత బిగించాక కూడా ఇంజినీర్లకి లోపలి మాట వినాలి. అందుకని బయటకి కనిపించే సాకెట్లలోనే తలుపు దాచారు. 2011లో వచ్చిన గెలాక్సీ నెక్సస్‌కి చార్జింగ్ సాకెట్టులో ఒక పిన్నుకి ఫలానా విలువ రెసిస్టర్ పెడితే, డేటా తీగలే సీరియల్ తీగలుగా మారిపోయేవి. 2012లో వచ్చిన నెక్సస్ 4కి హెడ్‌ఫోన్ రంధ్రంలో మైకు పిన్ను మీద వోల్టేజీ పెంచితే, పాటలు వచ్చే తీగల మీద 115200 బాడ్‌లో అక్షరాలు వచ్చేవి. 2013లో బ్లాక్ హ్యాట్ అనే భద్రతా సదస్సులో మైకేల్ ఆస్మన్, కైల్ ఆస్బోర్న్ ఈ రకం దాగుడు తలుపుల గురించి మాట్లాడారు. చార్జింగ్ రంధ్రం అంటే చార్జింగ్ ఒక్కటే అనుకోకండి అని వాళ్ళ మాటల సారం. రైల్వే స్టేషన్‌లో దొరికిన కేబుల్‌కల్లా ఫోను గుచ్చేముందు ఇది గుర్తుంచుకోవాలి.

మరి తలుపు తెరిస్తే అన్నీ దొరుకుతాయా అంటే, ఇప్పుడు దొరకవు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి చాలా కొత్త ఫోన్లలో లోపలి ఫైళ్ళని గుప్తలిపిలో దాచడం తప్పనిసరి చేశారు. ఆ లిపిని తిరగరాసే తాళంచెవి ప్రధాన చిప్పుతో ముడిపడి ఉంటుంది. మెమరీ చిప్పు ఒక్కటే పీకి వేరేచోట పెడితే అర్థంలేని అంకెలే వస్తాయి. దొంగ చేతిలో ఫోను పడితే ఇది మనకి రక్ష. నేను చేసిన పనికి మాత్రం ఇదే శిక్ష. నేను కాల్చింది ఆ ప్రధాన చిప్పుని. పాటలున్న మెమరీ బాగానే ఉండి ఉండచ్చు, దాన్ని చదవగలిగే ఒక్కగానొక్క చిప్పు లేదు.

2020 జనవరిలో పైన్‌ఫోన్ అనే ఫోను వచ్చింది. వెనక మూత చేత్తో తీయచ్చు. లోపల ఆరు బుల్లి స్విచ్చులు వరసగా ఉంటాయి. మోడెమ్‌కి ఒకటి, వైఫైకి ఒకటి, మైకుకి ఒకటి, కెమెరాలకి రెండు. ఆరోది హెడ్‌ఫోన్‌కి. దాన్ని ఆపితే హెడ్‌ఫోన్ రంధ్రం సీరియల్ పోర్టవుతుంది. తలుపు ఎక్కడుందో యజమానికి చెప్పారు, గడియ ఆయన చేతిలోనే పెట్టారు. ఇంతకాలం జరిగిన వాదులాటకి నాకు దొరికిన మర్యాదైన జవాబు ఇదే.

మళ్ళీ ఆ ఫోను

ఆ రోజు సాయంత్రమే చిన్నాన్న నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని టీచరమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. ఫోను ముందే చచ్చిపోయిందని ఆవిడకి చెప్పేయచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. దారిలో ఆ మాట నేనన్నాను కూడా. "బోర్డు లోపల ఏముందో వాళ్ళకి కనపడదనే కదా మన దగ్గరకి తెచ్చేది. అక్కడే అబద్ధమాడితే ఇంక షాపెందుకు?" అన్నాడు. నేనే చెప్పాను. టీచరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నీ పోయాయా?" అని ఒక్కసారే అడిగారు. చిన్నాన్న కొత్త ఫోను ఇస్తానంటే వద్దన్నారు.

మన దేశంలో 2022 జూలైలో మరమ్మతు హక్కు గురించి కేంద్ర వినియోగదారుల శాఖ ఒక కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. కొన్న వస్తువుని విప్పి బాగుచేయించుకునే హక్కు కొన్నవాళ్ళకి ఉండాలి అనేది దాని ఉద్దేశం. ఇంకోపక్క 2000 సంవత్సరపు ఐ.టి. చట్టం ప్రకారం యజమాని అనుమతి లేకుండా పరాయి పరికరంలోకి చొరబడడం చట్టవిరుద్ధం. ముందు ఈ రెండూ ఎదురెదురు మాటల్లా అనిపించాయి. ఇప్పుడలా అనిపించడం లేదు. రెండూ అడిగేది చిన్నాన్న అడిగిన ప్రశ్నే. ఎవర్ని అడిగి ముట్టుకున్నావు?

అందుకని నేను మూడు నియమాలు పెట్టుకున్నాను. ఫోను ఎవరిదో వాళ్ళని అడగాలి. ఆ బోర్డు పటం దొరక్కపోతే ముట్టుకోకూడదు. ముందు మీటరు పెట్టి వోల్టేజీ చూడాలి, ఎర్ర వైరు కలపకూడదు. ఇప్పుడు షాపు మూలన పాడైన పాత ఫోను ఒకటి నాకిచ్చారు. చిన్నాన్న పక్కన కూర్చుంటే, మూడు తీగలతో దాని సీరియల్ చుక్కల్ని కలిపాను. తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తాయి. వాటి మధ్య టి.టి.వై. అని కనిపించగానే పాత చుట్టాన్ని చూసినట్టయింది.

టీచరమ్మ దగ్గరికి ఇప్పుడు ఆదివారాలు వెళ్తున్నాను. పిలిచింది ఆవిడే. వాళ్ళ పిల్లలు ఒడియా మీడియంలో చదివారు, తెలుగు మాట్లాడతారు గాని రాయలేరు. "నీకు తెలుగు రాయడం వచ్చు కదా, నాకు గుర్తున్నంత చెప్తాను, రాసిపెట్టు" అన్నారు. ఇప్పటికి నాలుగు పాటలు పూర్తిగా, రెండు సగం సగం రాశాను. ఒక తలంబ్రాల పాటలో మూడో చరణం ఆవిడకి ఎంతకీ గుర్తు రావడం లేదు. నా నోటుబుక్కులో ఆ చోట నాలుగు గీతలు ఖాళీగా వదిలి ఉంచాను.

– పదవ తరగతి విద్యార్థిని, బరంపురం